రాత్రి రెండింటి స్నేహాలు

బ్రాడీపేట పిన్నిగారు పోయి నెల దాటింది. మాసికం రోజున వాళ్ళబ్బాయి ఇంట్లోంచి ఒక ఫొటో పంపాడు. ఆవిడ కంప్యూటరు బల్ల. గూట్లో వెంకటేశ్వరస్వామి పటం, మూతపెట్టిన స్టీలు గ్లాసు, కీబోర్డు కింద అట్ట ఊడిన లాంగ్ నోట్‌బుక్కు. ఎవరింట్లో ఎవరికి షుగరు, ఎవరి పిల్లది ఏ బ్లడ్ గ్రూపు, కువైట్ తమ్ముడి అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) గడువు ఎప్పటితో అయిపోతుంది, అన్నీ ఆ పుస్తకంలో ఉండేవి. మేమంతా ఆవిడని ముందు అక్షరాల్లో ఎరుగుదుం, ఆ తర్వాత గొంతుగా. మనిషిగా చూసింది చాలా ఆలస్యంగా.

మాది పేరు పెట్టుకోని గుంపు. బెజవాడ గవర్నరుపేటలోనూ, గుంటూరు అరండల్‌పేటలోనూ నెట్ సెంటర్లలో కూర్చుని యాహూ మెసెంజర్లో పలకరించుకున్న కొద్దిమందితో మొదలైంది. అసలు పేర్లు చాలామందికి చాలాకాలం తెలియవు. ఊరే ఇంటిపేరు. పటమట అన్నయ్య, సింగ్‌నగర్ వదిన, డల్లాస్ అక్క, కువైట్ తమ్ముడు, కొత్తపేట సిస్టరు గారు. సిస్టరు గారంటే నిజంగానే నర్సు. గుంటూరు ఆసుపత్రుల్లోనే పనిచేసి రిటైరయ్యారు.

కష్టం చెప్పుకుంటే సగం తీరుతుందని మన పెద్దవాళ్ళు అంటారు. మిగతా సగం ఎలా తీరుతుందో ఆ గుంపులో చూశాం. "ధైర్యంగా ఉండండి" అన్న మాట వెనకాలే "ముందు ఈ పని చెయ్యండి" అన్న మాట రావాలి. ఆ మాట ఆ పని చేసి ఉన్నవాళ్ళ దగ్గర్నుంచి రావాలి. పిన్నిగారికి ఇది ఎవరూ నేర్పలేదు. పక్షవాతంతో మంచం పట్టిన భర్తకి ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన మనిషి ఆవిడ.

*

నెట్ సెంటరు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి విడమరచి చెప్పాలి. మేడమెట్ల పక్కన ఒక గది. ప్లైవుడ్డు అడ్డాలు పెట్టి చేసిన గూళ్ళు, గూటికో కంప్యూటరు, కాలు పెడితే తగిలే సీపీయూ. గుమ్మం దగ్గర రిజిస్టరులో పేరు, వచ్చిన టైము, సంతకం. గంటకి ముప్ఫై ఉన్న రేటు ఇరవైకి, తర్వాత పదికి దిగింది. అరగంటకి తక్కువ కూర్చున్నా అరగంట డబ్బులు ఇవ్వాల్సిందే. లైను కలిసేటప్పుడు మోడెం చేసే ఆ కూత విన్నవాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేరు. ముందు ఫోను డయలు టోను, తర్వాత కీచుమని, గరగరమని, ఉన్నట్టుండి నిశ్శబ్దం. నిశ్శబ్దం వస్తే కలిసినట్టు.

కరెంటు పోతే యూపీఎస్ పది నిమిషాలు లాగాలి. బ్యాటరీ పాతబడితే రెండు నిమిషాలే. మనసులో బరువు దించుకుంటూ రెండు పేజీలు రాశాక తెర నల్లబడితే, మళ్ళీ అంతా రాసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అందుకే అందరికీ ఒక అలవాటు అయింది. ముందు నోట్‌ప్యాడ్ తెరిచి అందులో రాయడం, నాలుగు వాక్యాలకోసారి కంట్రోల్, ఎస్ నొక్కడం, అంతా అయ్యాక కాపీ చేసి మెసెంజర్లో పెట్టడం. మిగిలింది ఇంటికి పట్టుకెళ్ళడానికి ఫ్లాపీ. 1.44 ఎంబీ ఉత్త అక్షరాలకి బోలెడు. కానీ ఫ్లాపీకి తడి, దుమ్ము, స్పీకరు దగ్గర పెడితే అందులోని అయస్కాంతం, అన్నీ శత్రువులే. ఒకటే ఫైలుని రెండు పేర్లతో రెండు ఫ్లాపీల్లో దాచుకునేవాళ్ళం.

తెలుగు అక్షరాలు చూడ్డం ఇంకో ప్రహసనం. విండోస్ 98 ఉన్న మిషన్లలో తెలుగు అంతా డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. ఎక్స్‌పీ వచ్చాక గౌతమి ఫాంటు దాంట్లోనే ఉంది, అయినా డబ్బాలే. కంట్రోల్ ప్యానెల్లో భాషల పేజీకి వెళ్ళి, సంక్లిష్ట లిపులకి సంబంధించిన గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టి, మిషన్ను ఒకసారి ఆపి వెయ్యాలి. నెట్ సెంటరు కుర్రాడి దగ్గర సీడీ ఉండదు, ఉన్నా ఇవ్వడు. పటమట అన్నయ్య ఆ సీడీలోంచి కావలసిన ఫోల్డరు మాత్రం కాపీ చేసుకుని సంచిలో వేసుకు తిరిగేవాడు. గవర్నరుపేటలో ఏ సెంటర్లో ఎన్నో గూట్లో తెలుగు కనబడుతుందో మా అందరికీ కంఠతా వచ్చు. ఆ గూడు ఖాళీ లేకపోతే ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకోవడం. "అమ్మకి బాగాలేదు" అన్న మాటని ఏ అక్షరాల్లో రాసినా కళ్ళు తడవకుండా చదివినవాళ్ళు లేరు.

*

అక్కడ ఏం చెప్పుకునేవాళ్ళం అంటే, పెద్ద పెద్ద కష్టాలు తక్కువే. గ్యాసు బండ బుక్ చేసి మూడు వారాలైనా రాలేదు. కుళాయి నీళ్ళు తెల్లవారుజామున వచ్చి ఇరవై నిమిషాల్లో పోతున్నాయి. పిల్లాడు ఎంసెట్ లాంగ్ టర్మ్ హాస్టల్లో అన్నం తినడం లేదు. ఆడపడుచు పెళ్ళికి తాకట్టు పెట్టిన నగలకి వడ్డీ పెరిగిపోతోంది. మామగారు రాత్రిళ్ళు తలుపు తీసుకుని రోడ్డు మీదకి వెళ్ళిపోతున్నారు. ఇంట్లోవాళ్ళకి చెప్తే గొడవ, చుట్టాలకి చెప్తే పరువు. ముఖం తెలియని మనిషికి చెప్పడం తేలిక.

మొదట్లో గొడవలూ వచ్చేవి. ఒకరు ఏడుస్తూ రాస్తే పదిమంది పది సలహాలు. ఆయుర్వేదం ఒకరు, హోమియో ఒకరు, నవగ్రహ పూజ ఒకరు. అడిగిన మనిషి ఇంకా అయోమయంలో పడేది. అప్పుడు పిన్నిగారు ఒక పద్ధతి పెట్టారు. రాసేవాళ్ళు చివర్లో ఒక్క వాక్యం తప్పనిసరిగా రాయాలి: నాకు ఇప్పుడు కావలసింది వినడమా, సలహానా, మనిషి సాయమా. వినడం అని రాస్తే ఎవరూ సలహా చెప్పకూడదు. "విన్నాను తల్లీ, ఇక్కడే ఉన్నా" అని ఊరుకోవాలి. సలహా అని రాస్తే, ఆ కష్టం స్వయంగా పడ్డవాళ్ళు ముందు చెప్పాలి, తక్కినవాళ్ళు ఆ తర్వాత. మనిషి సాయం అంటే ఊరు, వీధి, ఎన్నింటికి, ఎంతసేపటికి అన్నది రాయాలి. "ఎవరైనా సాయం చెయ్యండి" అంటే ఎవరూ కదలరు. "రేపు పొద్దున తొమ్మిదింటికి సూర్యారావుపేటలో స్కానింగ్ దగ్గర నాన్న పక్కన గంటసేపు కూర్చునే మనిషి కావాలి" అంటే ముగ్గురు వస్తారు. ఇది ఎన్నిసార్లు చూశామో.

ఇంకో నియమం ఉండేది. డాక్టరు రాసిన మందు మానెయ్యమని గానీ, మోతాదు మార్చమని గానీ ఎవరూ చెప్పకూడదు. చెప్పింది సిస్టరు గారైనా సరే. డాక్టర్ని ఏం అడగాలో చెప్పవచ్చు. కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళమనేవారు, ఎందుకంటే ఓపీ గదిలో మన వంతు వచ్చేసరికి అన్నీ మరిచిపోతాం.

*

2005లో బీఎస్ఎన్ఎల్ వాళ్ళ ఇంటింటి బ్రాడ్‌బ్యాండు, డేటావన్, వచ్చాక మా గడియారాలు మారిపోయాయి. ఐదొందల రూపాయల ప్లానులో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్క లేదు. పగలు వాడితే నెలకి ఇచ్చిన కాస్త డేటా ఇట్టే అయిపోయి బిల్లు వాచేది. అందుకని ఇళ్ళల్లో కనెక్షను పెట్టించుకున్నవాళ్ళు పగలు మోడెం స్విచ్చి కట్టేసి, రెండింటికి అలారం పెట్టుకునేవాళ్ళు. కుర్రాళ్ళు సినిమాలు దింపుకోవడానికి లేచేవాళ్ళు. మాలో చాలామంది ఎలాగూ మెలకువగానే ఉండేవాళ్ళు, మంచం మీద మనిషి ఉన్న ఇళ్ళవాళ్ళు.

రోగికి సేవచేసే ఇంట్లో రాత్రి రెండింటిని మించిన కష్టమైన సమయం లేదు. పగలు పనిమనిషి ఉంటుంది, పక్కింటివాళ్ళు తొంగిచూస్తారు, ఫోను చేస్తే ఆసుపత్రిలో ఎవరో ఎత్తుతారు. రాత్రి దగ్గు వస్తే మనం, ఆ గది, అంతే. అదే సమయానికి డల్లాసులో మధ్యాహ్నం మూడున్నర, చలికాలమైతే రెండున్నర. కువైట్లో పదకొండున్నర, తమ్ముడు డ్యూటీ దిగి వచ్చే వేళ. కాబట్టి రెండింటికి ఎవరు పలకరించినా జవాబు చెప్పే మనిషి ఉండేవారు. తర్వాత తర్వాత దీన్ని వంతులుగా రాసుకున్నాం. వారానికి ఏడు రాత్రులు, ఏడుగురి పేర్లు, తలా ఒక రాత్రి. వంతు ఉన్నవాళ్ళు నిద్రపోయినా సరే, మెసెంజరు టింగుమంటే లేచేలా స్పీకరు పెంచి పెట్టుకోవాలి.

ఆ రాత్రుల్లో అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ముక్కు గొట్టం గురించే. మింగలేనివాళ్ళకి ఆహారం (ఫీడ్) పొయ్యడానికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం, అదే రైల్స్ ట్యూబ్, వేసి ఇంటికి పంపించేస్తారు. ఆసుపత్రిలో నర్సు ఒకసారి చేసి చూపిస్తుంది, ఇంటికొచ్చాక చేతులు వణుకుతాయి. సిస్టరు గారు చెప్పింది పిన్నిగారు మాటకి మాట నోట్‌బుక్కులో రాసుకుని, అడిగినవాళ్ళందరికీ అదే పంపేవారు. ఇంకా ఎవరింట్లోనైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

గొట్టం ముక్కు దగ్గర ఎక్కడుందో తెలిసేలా పెన్నుతో గీత పెట్టుకోవాలి. ఫీడ్ ఇచ్చే ప్రతిసారీ ముందు ఆ గీత చూడాలి. గీత బయటికి జారి ఉంటే ఏమీ పొయ్యకూడదు, ఇంట్లో మనం లోపలికి తొయ్యకూడదు, నర్సునే పిలవాలి. మనిషిని వెనక దిళ్ళు పెట్టి సగం కూర్చోబెట్టాలి. పడుకోబెట్టి పోస్తే పోసింది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వచ్చేది అందుకే. ముందు సిరంజితో మెల్లగా లాగి చూడాలి; కిందటిసారి పోసింది చాలా మిగిలి ఉంటే గంట ఆగాలి. తర్వాత 30 మిల్లీలీటర్ల మంచినీళ్ళు. ఆ తర్వాత ఫీడ్, ఒకసారికి 200, మరీ అయితే 250, అంతకు మించకూడదు. యాభై మిల్లీలీటర్ల సిరంజిలోని దట్టా (లోపల తోసే కడ్డీ) తీసేసి, గొట్టానికి తగిలించి, పైకెత్తి పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. దట్టా పెట్టి నొక్కకూడదు. పావుగంట పట్టాలి. సిరంజి తీసేటప్పుడు గొట్టం మడిచి పట్టుకోవాలి, లేకపోతే గాలి లోపలికి పోయి కడుపు ఉబ్బుతుంది. చివర్లో మళ్ళీ 30 నీళ్ళు. ఆ తర్వాత అరగంటైనా అలాగే కూర్చోబెట్టి ఉంచాలి. పోస్తున్నప్పుడు దగ్గినా, ఆయాసం వచ్చినా, పెదాలు నల్లబడినా వెంటనే ఆపెయ్యాలి.

గొట్టం మూసుకుపోవడం ఎక్కువగా రెండింటివల్ల: వడకట్టని జావ, నూరకుండా వేసిన మాత్ర. రాగిపిండి రెండు చెంచాలు ముందు చన్నీళ్ళలో కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్ళలో పొయ్యాలి. వేడినీళ్ళలో నేరుగా వేస్తే ఉండ కడుతుంది. కాచాక పల్చటి పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. గరిటె ఎత్తితే నీళ్ళలా జారాలి. పప్పు తేట, పల్చటి మజ్జిగ కూడా అంతే. మాత్రలు ఒక్కోటి విడివిడిగా నూరి, విడివిడిగా నీళ్ళలో కలిపి, మధ్యమధ్యలో నీళ్ళు పోస్తూ వెయ్యాలి. కొన్ని మాత్రలు నూరకూడదు, పైన పూత ఉన్నవీ, నెమ్మదిగా కరిగేవీ. అవి ఏవో డాక్టర్ని ముందే అడిగి చీటీ మీద గుర్తుపెట్టించుకోవాలి. మూసుకుపోతే గోరువెచ్చటి నీళ్ళు కొద్దిగా పోసి, కాసేపు ఆగి, సిరంజితో మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించాలి. తీగ పెట్టి పొడవకూడదు. రాకపోతే గొట్టం మార్చాల్సిందే.

పడక పుండ్లకీ అంతే జాగ్రత్త. రెండు గంటలకోసారి పక్క మార్చడం, ఎడమ, వెల్లకిల, కుడి. దుప్పటి మడత నడుం కింద ఉంటే చాలు, తెల్లారేసరికి చర్మం ఎర్రబడుతుంది. మోకాళ్ళ మధ్య దిండు, పిక్కల కింద చిన్న దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడాలి. ఎర్రబడిన చోట నూనె పెట్టి మర్దనా చెయ్యకూడదు, లోపల కండ ఇంకా చెడుతుంది. గాలి పరుపు కొన్నవాళ్ళు దాని మీద మెత్తగా ఉంటుందని బొంత వేస్తారు. అప్పుడు ఆ పరుపు ఉన్నా లేనట్టే, పల్చటి దుప్పటి ఒక్కటే వెయ్యాలి. 2012 వేసవిలో కరెంటు కోతలప్పుడు గాలి పరుపుల మోటార్లు ఆగిపోయి అందరూ హడలిపోతే, పటమట అన్నయ్య చెప్పిన కిటుకు ఇది: కరెంటు పోగానే రెండు పైపులూ మోటారు నుంచి లాగి, మడిచి రబ్బరు బ్యాండు వెయ్యాలి. గాలి కాసేపు నిలుస్తుంది. ఇన్వర్టరు మీద ఆ మోటారు ఒక్కటీ ఉంచి ఫ్యాను, లైటు ఆపుకుంటే రాత్రంతా వస్తుంది.

సింగ్‌నగర్ వదిన వాళ్ళ అత్తగారికి మంచం పట్టిన రెండేళ్ళలో ఒక్క పుండు పడలేదు. ఆ సంగతి వదిన రాసిన రోజున పిన్నిగారు ఒకే మాట రాశారు: "నీ చేతులు చల్లగుండా."

*

డెంగీ కాలంలో రక్తం సందేశాలు ఎక్కువ. అక్కడ మనుషుల మంచితనానికి లోటు లేదు, వివరాలకే లోటు. "అర్జంటు, బి నెగటివ్ కావాలి, ప్లీజ్" అని ఒక ఫోను నంబరు. ఏ ఊరు? రక్తమా, ప్లేట్‌లెట్లా? ఎప్పటిలోగా? తేదీ లేని ఆ సందేశం ఊరూరా ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. రోగి కోలుకుని ఇంటికెళ్ళినా, దేవుడి దగ్గరికి వెళ్ళినా, ఆ నంబరు మోగుతూనే ఉంటుంది.

మేం రాసుకున్న తీరు వేరు. రోగి ఉన్న ఆసుపత్రి, ఊరు, గ్రూపు, ఎక్కించాల్సింది ఏమిటి, ఎన్ని యూనిట్లు, దగ్గరున్న మనిషి ఫోను, సందేశం రాసిన తేదీ, టైము. దొరకగానే అదే సందేశం కింద "దొరికింది, ఇంక ఫోన్లు చెయ్యొద్దు" అని రాయడం. ఇచ్చేవాళ్ళ పట్టిక విడిగా ఉండేది. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వవచ్చు కాబట్టి ఎవరు ఎప్పుడు ఇచ్చారో రాసి ఉంటేనే ఆ పట్టికకి విలువ. హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉండాలి, బరువు 45 కిలోలు దాటాలి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిలవ ఉండవు, అందుకే ముందుగా తీసి దాచలేరు. మిషన్ మీద ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్ళు గంటో గంటన్నరో కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. మోచేతి దగ్గర నరం లావుగా ఉండాలి, అంతకుముందు మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు, కడుపు ఖాళీగా వెళ్ళకూడదు. ఈ సంగతులు ముందే చెప్పకపోతే గుంటూరు నుంచి బస్సెక్కి బెజవాడ వచ్చిన కుర్రాడు గుమ్మంలోంచే వెనక్కి పోవాల్సి వస్తుంది. ప్రాణం పోసే పనికి వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం ఎంత బాధో అక్కడ నిలబడ్డవాళ్ళకే తెలుసు.

*

డబ్బు సాయం గురించి ఎక్కువ చెప్పను. డబ్బు దగ్గరే స్నేహాలు చెడతాయి. మా గుంపులో డబ్బు మనిషి చేతికి ఇచ్చేవాళ్ళం కాదు. మందుల షాపుకి, స్కానింగ్ సెంటరుకి, హాస్టలు ఫీజుకి నేరుగా కట్టేవాళ్ళం. లెక్క ఇద్దరు రాయాలి, ఒకే ఊరివాళ్ళు కాకూడదు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక తెల్లకార్డు ఉన్నవాళ్ళని ముందు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి పంపేవాళ్ళం. చేరాక, బిల్లు కట్టాక వెళితే పని జరగదు, ఆపరేషనుకి ముందే అనుమతి రావాలి. ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకునేవాళ్ళకి అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం కావాలి. మందుల షాపులో మిషన్ నుంచి వచ్చే ఆ నున్నటి బిల్లు కొన్నాళ్ళకి తెల్లకాగితం అయిపోతుంది. తీసుకున్న రోజునే జిరాక్సు తీయించి, అసలుతో కలిపి పిన్ను కొట్టి దాచుకోవాలి. ఈ ఒక్క మాటతో ఎందరి డబ్బులు నిలబడ్డాయో.

*

ఫేస్‌బుక్కు లాంటి ఆర్కుట్‌ని 2014 సెప్టెంబరు 30న మూసేశారు. యాహూ మెసెంజరు 2018 జులై 17న పోయింది. అప్పటికే అందరం ఫోన్లలోకి వచ్చేశాం. మధ్యలో ఎస్సెమ్మెస్ కాలం ఒకటి నడిచింది. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక మెసేజీలో 160 పడతాయి, తెలుగులో రాస్తే 70 మాత్రమే. సంక్రాంతికీ, కొత్త సంవత్సరానికీ మెసేజీ ప్యాకులు పనిచేసేవి కావు, ఆ రోజుల్లో మెసేజీకి రూపాయి పడేది. అయినా పండగపూట ఒంటరిగా ఉన్నవాళ్ళకి ముందుగా ఆ రూపాయి మెసేజీ వెళ్ళేది.

2016లో జియో వచ్చాక రాత్రి రెండు గంటల ప్రత్యేకత పోయింది. ఎప్పుడు పడితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. దానివల్ల మంచి జరిగిందనే నా నమ్మకం. కానీ అప్పటి ఉత్తరాల్లాంటి రాతలు పోయాయి. నోట్‌ప్యాడ్‌లో కూర్చుని, సరిచూసుకుని, రెండు పేజీలు రాసినవాళ్ళు ఇప్పుడు రెండు చేతులు జోడించిన బొమ్మ పంపుతున్నారు. నెట్ సెంటర్ల కంప్యూటర్లలో దాగిన మా మాటలన్నీ ఆ మిషన్లతోపాటే పాత సామానులోకి వెళ్ళాయి. చేత్తో రాసిన ఆ లాంగ్ నోట్‌బుక్కు ఒక్కటే మిగిలింది.

*

ఇన్నేళ్ళ అలవాటు అక్కరకొచ్చింది 2024 సెప్టెంబరులో. ఆ నెల ఒకటో తేదీ, ఆదివారం, తెల్లారేసరికి బెజవాడ సింగ్‌నగర్లో నీళ్ళు. బుడమేరు వాగు మళ్ళింపు కాలవకి ఎడమగట్టు మీద గండ్లు పడ్డాయి. ఆ కాలవ కృష్ణలో కలవాలి. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్ళు ఎటు పోతాయి? మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకుముందెన్నడూ చూడని వరద. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట అన్నీ మునిగాయి. కరెంటు లేదు, కింది అంతస్తుల్లో మనిషెత్తు నీళ్ళు.

పిన్నిగారికి అప్పటికి ఎనభై దగ్గర. బ్రాడీపేటలో కూర్చుని, నోట్‌బుక్కు తిప్పి, ఆ వైపున్నవాళ్ళందరి పేర్లూ బయటికి తీయించారు. మొదట వెళ్ళిన సందేశం ఫోను గురించి. వెలుతురు తగ్గించు, వైఫై, బ్లూటూత్ కట్టెయ్యి, వీడియోలు తియ్యకు, ఇంట్లో నాలుగు ఫోన్లుంటే మూడు ఆపేసి ఒక్కటే వాడు, అదీ గంటకోసారి పది నిమిషాలు. అందరం గంట కొట్టే వేళకే పలకరిస్తాం, ఆ పది నిమిషాలు మాత్రం ఫోను ఆన్‌లో పెట్టు.

తర్వాత చిరునామాలు. లొకేషన్ పిన్ను ఒక్కటే పంపితే చాలదు. నెట్‌వర్క్ బలహీనంగా ఉంటే పిన్ను రెండు వీధులు అవతల చూపిస్తుంది, వీధులన్నీ ఏరైనప్పుడు పడవవాడికి బోర్డులు కనబడవు. అందుకని రోడ్డు, దగ్గర్లో ఉన్న గుడో మసీదో వాటర్ ట్యాంకో, మేడ రంగు, ఎన్నో అంతస్తు, ఎంతమంది, అందులో పసిపిల్లలు, ముసలివాళ్ళు, గర్భిణులు ఎందరు, ఏ మందు అయిపోతోంది, సందేశం రాసిన టైము. పటమట అన్నయ్య ఇవన్నీ ఒకే పట్టికలో ఎక్కించి, సింగ్‌నగర్ ఫ్లైఓవరు మీద నిలబడ్డ కుర్రాళ్ళకి ఇచ్చేవాడు. బయటికి వచ్చేసినవాళ్ళ పేరు కొట్టెయ్యడం అన్నిటికన్నా ముఖ్యమైన పని. అది చెయ్యకపోతే పడవ ఖాళీ ఇంటికి వెళుతుంది, పక్కింట్లో మనిషి ఎదురుచూస్తూనే ఉంటాడు.

వదిన వాళ్ళు రెండో అంతస్తులో ఉండిపోయారు. వదిన వాళ్ళాయనకి ఇన్సులిను. ఫ్రిజ్ లేదు. సిస్టరు గారు చెప్పారు: వాడుతున్న సీసా మామూలు గదిలో నాలుగు వారాల దాకా చెడదు, ఎండ తగలకూడదు, అంతే. వాడని సీసాలు మాత్రం మట్టి మూకుడులో తడిగుడ్డ చుట్టి నీడలో పెట్టండి, నీళ్ళు సీసాకి నేరుగా తగలకుండా పాలిథిన్ కవర్లో వెయ్యండి. "నీళ్ళలా ఉండే రకం మబ్బుపట్టినట్టు కనబడితే పారెయ్యండి వదినా, మొహమాటం లేదు" అని రాశారు. పక్క మేడలో ఇద్దరికి కూడా ఆ మాట మేడ మీంచి అరిచి చెప్పారట.

నీళ్ళు తీశాక ఇంకో కష్టం. బురద. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ కాలవ పూడిక తీస్తున్నా ముక్కుకి తగులుతుంది. గుంటూరు నుంచి, తెనాలి నుంచి గుంపువాళ్ళు చీపుర్లు, పారలు, బ్లీచింగు పట్టుకుని వచ్చారు. ఏళ్ళుగా మాట్లాడుకున్నవాళ్ళు అక్కడే మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. గొంతు విని "మీరు కొత్తపేట కదా" అనడం, మోకాళ్ళ బురదలోనే దణ్ణాలు పెట్టుకోవడం.

పనికి ఒక వరస ఉండేది. మెయిన్ ముట్టుకోకూడదు. ఫ్రిజ్జు, వాషింగ్ మిషను ఆరాయి కదా అని ప్లగ్గు పెట్టకూడదు. బండి స్టార్ట్ చెయ్యకూడదు. ఇంజన్లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే ఆయిలు పాలలా తెల్లబడి ఉంటుంది, ముందు అది దించాలి, ప్లగ్గు విప్పాలి. బురద తడిగా ఉన్నప్పుడే కడగాలి, ఎండితే గోడకి సిమెంటులా పడుతుంది. తడిసిన బియ్యం, పరుపులు దాచుకోవద్దని చెప్పడం కష్టం, కానీ చెప్పాలి. సంపు ఖాళీ చేసి గోడలు తోమి, కొత్త నీళ్ళు పట్టాక వెయ్యి లీటర్లకి చెంచాడు బ్లీచింగు బకెట్లో కలిపి, తేట మాత్రం పోసి అరగంట ఆగాలి. తాగే నీళ్ళు అయినా కాచుకోవాల్సిందే.

అందరూ ఎక్కువ ఏడ్చింది సర్టిఫికెట్ల దగ్గర. ఇనప బీరువా కింది అరలో పెట్టిన పిల్లల టెన్త్, ఇంటర్ మార్కుల మెమోలు, పొలం దస్తావేజులు ముద్ద అయిపోయాయి. డల్లాస్ అక్క లైబ్రరీలో పనిచేస్తుంది, ఆవిడ చెప్పింది అందరికీ కొత్త: అంటుకున్న కాగితాలు విడదీయొద్దు, ఎండలో పెట్టొద్దు. బురద ఉంటే పళ్ళెంలో మంచినీళ్ళు పోసి, కట్ట మొత్తాన్ని ముంచి మెల్లగా తేర్చాలి. ఇంకు కరుగుతున్నట్టు కనబడితే అదీ మానెయ్యాలి. విడదీసే తీరిక లేకపోతే పాలిథిన్ కవర్లో వేసి డీప్ ఫ్రీజర్లో పెట్టెయ్యాలి, బూజు పట్టదు. తీరిక దొరికినప్పుడు ఒక్కో కట్ట బయటికి తీసి, తెల్ల కాగితాలు మధ్యలో పెడుతూ, ఫ్యాను గాలికి ఆరబెట్టుకోవచ్చు. న్యూస్ పేపరు పెట్టకూడదు, దాని ఇంకు అంటుతుంది. లామినేషన్ ఉన్నవాటికి అంచు కత్తిరించి లోపలి నీళ్ళు పోనివ్వాలి.

సింగ్‌నగర్లో కరెంటు లేదు, ఫ్రీజరు ఎక్కడ? పటమటలో అన్నయ్య వాళ్ళింట్లో ఫ్రిజ్ పై అరలో ఐస్ ట్రేలు, మాంసం డబ్బాలు తీసేసి, ఆరు కుటుంబాల సర్టిఫికెట్లు కవర్ల మీద పేర్లు రాసి పెట్టారు. అవి దసరా దాకా అక్కడే ఉన్నాయి. ఆదివారం ఆదివారం ఒక ఇంటివి బయటికి తీసి, హాల్లో తాళ్ళు కట్టి, క్లిప్పులు పెట్టి ఆరబెట్టేవాళ్ళు. దస్తావేజుల మీద ముద్రలు చెదిరినా నంబర్లు చదవగలిగితే రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీసుకోవచ్చు, ఆ నంబర్ల కోసమే అంత ఓపిక.

వదిన వాళ్ళ పక్కింటికి ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డులన్నీ విప్పి, ఆరబెట్టి, మెగ్గరు అనే వైర్లు పరీక్షించే మీటరు పెట్టి ఒక్కో వైరూ చూశాడు. కింది అంతస్తు లైను విడగొట్టి, పై అంతస్తుకి మాత్రం కరెంటు ఇచ్చాడు. అన్నయ్య పట్టికలో ఆ ఇంటి ఎదురుగా "పైన వచ్చింది, కింద ఇంకా" అని రాసి, తర్వాతి ఇంటికి ఎవరు వెళ్తున్నారని అడిగాడు. తెనాలి నుంచి వచ్చిన ఇద్దరు చెయ్యెత్తారు.